హీరో చంద్రుడి మీదికెళ్లాడు... చేలోకి రాలేదు!

ముఖచిత్రం మీద రాకెట్టు. దాని పక్కన షిఫాన్ చీరలో అమ్మాయి, తెల్లకోటులో అబ్బాయి. వెనకాల ఎర్రటి గ్రహం. కింద 'సైన్స్ ఫిక్షన్ ప్రేమ నవల' అని వంకర టింకర అక్షరాలు. ఆ అట్ట చూస్తేనే ఇచ్చిన డబ్బుల్లో సగం గిట్టుబాటైనట్టుండేది! మిగతా సగం కోసం మూడొందల పేజీలు చదవాలి. ఆ పని శ్రద్ధగా చేసి, ఆఖరి పేజీ మూసి, 'ఇంతేనా...' అనుకున్న పాఠకులు తెలుగునాట తక్కువేం కాదు. అందులోనూ పత్తి, మిరప పండే పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ 'ఇంతేనా'కి కాస్త బరువెక్కువ.

రోజుకి పావలా

టీవీ ఇంటింటికీ చేరకముందు సంగతి. నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, ఒంగోలు... ఏ ఊరెళ్లినా బస్టాండుకి కాస్త అటూ ఇటూగా ఒక అద్దె నవలల కొట్టు కనిపించేది. నాలుగు చెక్క అరలు. పుస్తకాలకి మందపాటి అట్ట, దాని మీద నంబరు. ముందు డిపాజిట్ కట్టాలి. తరవాత రోజుకి పావలానో అర్ధరూపాయో అద్దె. రెండో రోజు దాటితే ఇంకో పావలా. అందుకే రాత్రి కరెంటు పోయినా లాంతరు పెట్టుకుని పూర్తిచేసి, పొద్దున్నే తిరిగిచ్చేసేవాళ్లు. ఒక్క అద్దె మీద ఇంట్లో ముగ్గురు చదివేవాళ్లు. మధ్యాహ్నం అమ్మ, సాయంత్రం కాలేజీ నుంచొచ్చిన అమ్మాయి, రాత్రి 'ఏముంటుందే ఈ చెత్తలో' అంటూ నాన్న.

వారపత్రికల సీరియళ్లది ఇంకో లెక్క. వారం వారం ఆ పేజీలు చించి, పోగుచేసి, సీరియల్ అయిపోయాక దబ్బనంతో కుట్టుకునేవాళ్లు. మధ్యలో ఒక వారం పేజీలు పోతే ఆ నవలకి అక్కడ ఎప్పటికీ గొయ్యే. పక్కింటివాళ్లెవరైనా ఆ వారం కథ నోటితో చెప్పి పూడ్చాల్సిందే!

చదివే అలవాటు ఆ ప్రాంతానికి కొత్తగా వచ్చింది కాదు. చీరాల పక్కన వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లోనే పుట్టింది. 1929లో గాంధీజీ అక్కడికి వచ్చారు. ఆయన చేతికర్రని ఇప్పటికీ ఆ గ్రంథాలయంలో దాచి ఉంచారు. చేనేత మగ్గాలు, జీడిపప్పు బట్టీల మధ్య అంత పెద్ద పుస్తకాల ఇల్లు! కుటుంబరావు తెనాలివాడు. అంటే ఆ నేల మీద పాఠకుడు అమాయకుడు కాదు. పుస్తకం బాగోకపోతే బాగోలేదని చెప్పగలడు.

చెప్పేవాళ్లు కూడా. అద్దె నవలల ఆఖరి పేజీలో బాల్ పెన్నుతో రాసిన తీర్పులుండేవి. 'సూపర్', 'మధ్యలో బోరు', 'హీరోయిన్‌ని చంపకుండా ఉండాల్సింది'. తరవాత చదవబోయేవాళ్లకి అదే సమీక్ష.

''ఏమ్మా, నవల అయిపోయిందా?'' అని కొట్టతను అడిగితే- ''అయిపోయింది బాబాయ్. మొదలు బాగుంది, చివరే...'' అని మూతి విరిచేవాళ్లు. అంతరిక్షం నవలలకి ఆ 'చివరే...' మరీ ఎక్కువ.

ఆకాశం నుంచి ఊడిపడింది

అసలు అంతరిక్షం మీద మనవాళ్లకి అంత మోజెందుకు? ఒక కారణం నిజంగానే ఆకాశం నుంచి ఊడిపడింది. 1979 జులైలో అమెరికావాళ్ల స్కైలాబ్ కూలుతోందని వార్త. ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలీదు. తెలుగు పల్లెల్లో ఆ పదిరోజులూ పండగో, అంతిమయాత్రో తెలీని వాతావరణం. ఎలాగూ పోతాం కదా అని కోళ్లూ మేకలూ కోసుకు తిన్నారనీ, దాచుకున్నది ఖర్చుపెట్టేశారనీ పెద్దవాళ్లు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. చివరికి జులై 11న ఆ శకలాలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి. కోళ్లు పోయాయి, ప్రాణాలు మిగిలాయి. 2021లో ఆ కథతోనే 'స్కైలాబ్' అని సినిమా కూడా వచ్చింది.

'పైనేదో జరిగితే మన వాకిట్లో ఏమవుతుంది' అన్న ప్రశ్న అలా తెలుగువాళ్లకి అనుభవంలోకి వచ్చింది. సైన్స్ ఫిక్షన్‌కి అంతకన్నా మంచి పునాది ఏముంటుంది! అప్పటికే వారపత్రికల సీరియళ్లు లక్షల ఇళ్లకి వెళ్తున్నాయి. యండమూరి వీరేంద్రనాథ్ 'చీకట్లో సూర్యుడు', 'యుగాంతం' లాంటి నవలలతో గ్రహాలూ, తోకచుక్కలూ, ప్రపంచం అంతమైపోవడాలూ వంటింటి కబుర్లలోకి వచ్చేశాయి. అంతవరకూ పరీక్షల కోసం తప్ప భౌతికశాస్త్రం జోలికి పోనివాళ్లు కూడా కాంతి సంవత్సరం అంటే ఎంతో లెక్క వేసుకున్నారు. ఆ ఘనత ఆయనకి ఇవ్వాల్సిందే.

చిక్కంతా ఆ దారిలో తోసుకుంటూ వచ్చిన గుంపుతో. ఒక నవల హిట్టయితే దాని వెనక అరడజను రావడం ఏ భాషలోనైనా మామూలే. వాటి అట్టల మీద రాకెట్టు ఉండేది. లోపల మాత్రం అదే మేడ, అదే కారు, అదే మెట్ల మీద నుంచి దిగే కథానాయిక. కాకపోతే కారు గాల్లో ఎగురుతుంది!

'బ్లాక్‌హోల్ అంటే ఏమిటి డాక్టర్?'

ఆ బాపతు నవలల్లో కథానాయిక మొదటి అధ్యాయంలో గొప్ప శాస్త్రవేత్త. గోల్డ్ మెడలిస్టు. రెండో అధ్యాయంలో హీరో వస్తాడు. అంతే, ఆమెకి తెలిసిందంతా మాయమైపోతుంది. 'బ్లాక్‌హోల్ అంటే ఏమిటి డాక్టర్?' అని కళ్లార్పుతూ అడుగుతుంది. ఆయన రెండు పేజీలు చెబుతాడు. ఆమె ఆరాధనగా చూస్తుంది. ప్రేమ పుట్టేసింది! సైన్సూ అయిపోయింది, రొమాన్సూ అయిపోయింది. ఇక మిగిలింది విలన్ ఆ ఫార్ములాని ఎత్తుకెళ్లడం, హీరో వెంటపడటం. ఆఖర్న ఫార్ములా కాలిపోతుంది. లేదా హీరో ఉలిక్కిపడి లేస్తాడు... అంతా కలే!

పాఠకుడికి ఒళ్లు మండేది ఇక్కడే. అట్ట మీద రెండు వాగ్దానాలున్నాయి. ఒకటి సైన్సు, రెండోది ప్రేమ. సైన్సు ఉపన్యాసమైంది. ప్రేమ ఆ ఉపన్యాసం వినడమైంది. ఆ యంత్రం లేకపోయినా ఈ ప్రేమ ఇలాగే ఉండేది. ఆ ప్రేమ లేకపోయినా యంత్రం అలాగే తిరిగేది. రెంటినీ ఒకే పుస్తకంలో కుట్టారు తప్ప ఒకదానికొకటి తగల్లేదు.

రచయితలనే అనడం కూడా అన్యాయమే. సీరియల్ రాసేవాడికి వారానికో మలుపు కావాలి. 'తలుపు తెరిచి చూసి కెవ్వున అరిచింది... (సశేషం)' అన్నచోట ఆపాలి. ఏ తలుపు వెనక ఏముందో ఆ వారానికి రచయితకీ తెలీకపోవచ్చు. ఇలా ముప్ఫై, నలభై వారాలు నడిచాక ఆ ముళ్లన్నీ విప్పాలంటే కల తప్ప ఇంకేం దిక్కు? పైగా సంప్రదించడానికి తెలుగులో సైన్సు పుస్తకాలెన్ని? ఉన్నవాటిలో తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకాల భాషకి ప్రేమ సంభాషణలు అతకవు. 'నా హృదయ కేంద్రకంలో నువ్వొక ఎలక్ట్రానువి' అని హీరో అంటే నవ్వే వస్తుంది. పైగా ఎలక్ట్రాన్ కేంద్రకంలో ఉండదు!

జూల్స్ వెర్న్‌కీ తప్పలేదు

ఈ నిరాశ మన దగ్గరే పుట్టిందేం కాదు. దానికో పెద్ద చరిత్రే ఉంది. అందులో అన్నిటికన్నా ముచ్చటైన కేసు పారిస్‌లో జరిగింది.

1863. జూల్స్ వెర్న్‌కి అప్పటికి ముప్ఫై అయిదేళ్లు. బెలూన్‌లో ఆఫ్రికా మీదుగా అయిదు వారాలు ప్రయాణించే నవల అప్పుడే అచ్చయి పేరు తెచ్చింది. ఆ ఊపులో ఇంకో నవల రాసి ప్రచురణకర్త హెట్జెల్ చేతిలో పెట్టాడు. పేరు 'ఇరవయ్యో శతాబ్దపు పారిస్'. కథ జరిగేది 1960లో. ఊరి మీదుగా గాలి ఒత్తిడితో నడిచే రైళ్లు, గుర్రాల్లేకుండా గ్యాసుతో కదిలే బళ్లు, రాత్రిని పగలు చేసే కరెంటు దీపాలు, దూరాన ఉన్నవాళ్లకి కాగితం మీది బొమ్మని ఉన్నదున్నట్టు పంపే యంత్రాలు... 1863లో కూర్చుని ఇవన్నీ రాశాడు!

మధ్యలో ప్రేమ. మిషెల్ అనే కుర్రాడు లాటిన్ కవిత్వంలో బహుమతి తెచ్చుకుంటాడు. లెక్కలూ లాభాలూ తప్ప మరోటి పట్టని ఆ నగరంలో కవికి పనేముంది? బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం చేయలేక పోగొట్టుకుంటాడు. లూసీ అనే అమ్మాయిని ప్రేమిస్తాడు. భయంకరమైన చలికాలం వస్తుంది. పంటలు పోతాయి, కరవు. చేతిలో మిగిలిన ఆఖరి చిల్లరతో రొట్టె కొనుక్కోవాల్సినవాడు లూసీ కోసం పువ్వులు కొంటాడు. తీరా వెళ్తే ఆ ఇంట్లో ఆమె లేదు. అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేయించారు. మంచులో ఆ కుర్రాడు తిరిగి తిరిగి పడిపోవడంతో నవల ముగుస్తుంది.

హెట్జెల్ చదివాడు. తీవ్రంగా నిరాశపడ్డాడు. ఆ మాట దాచుకోలేదు కూడా. ఈ జోస్యాన్ని ఎవరూ నమ్మరనీ, ఇది అచ్చువేస్తే నీ పేరుకే దెబ్బనీ వెర్న్‌కి ఉత్తరం రాశాడు. వెర్న్ ఆ రాతప్రతిని పక్కన పెట్టేశాడు. 1905లో ఆయన కన్నుమూశాడు. 1989లో ఆయన మునిమనవడు ఇంట్లోని పాత ఇనప్పెట్టె తెరిపిస్తే అందులో దొరికింది. 1994లో అచ్చయింది. అంటే కథ జరిగిన సంవత్సరం కూడా దాటిపోయాక!

హెట్జెల్ అన్నది రైటా, తప్పా? జోస్యం సంగతిలో ఆయన చిత్తుగా ఓడిపోయాడు. నవల సంగతిలో మాత్రం మరీ అంత తప్పనలేం. మొదటి సగం యంత్రాల జాబితాలా నడుస్తుంది. లూసీ గట్టిగా నాలుగు మాటలు మాట్లాడదు. అయినా ఆ పువ్వులు కొనే ఘట్టం ఉంది చూశారూ... ప్రపంచంలో అన్ని యంత్రాలున్నా ఒక చలికాలానికి తిండి లేకుండా పోవడం, ఉన్న ఆ కాస్త డబ్బూ ప్రేమకే ఖర్చుపెట్టడం... అక్కడ యంత్రమూ, ప్రేమా ఒకదాన్నొకటి ఢీకొన్నాయి. చిలకలూరిపేట అద్దె కొట్లో ఈ పుస్తకం దొరికి ఉంటే ఆఖరి పేజీలో ఎవరో ఒకరు 'మొదలు బోరు, చివర ఏడిపించాడు' అని రాసేవాళ్లు.

పొరుగువాళ్లు తలనూనెతో మొదలెట్టారు

మన పొరుగు భాషల్లో ఈ పని చేసినవాళ్లు పెద్ద పెద్ద రాకెట్లతో మొదలెట్టలేదు. జగదీశ్ చంద్రబోస్ 1896లో ఒక తలనూనె కంపెనీ పెట్టిన కథల పోటీకి బెంగాలీలో కథ రాసి బహుమతి కొట్టేశాడు. కలకత్తా మీదికి తుఫాను వస్తుంటే ఓడలో ఉన్న మనిషి సీసాడు తలనూనె సముద్రంలో ఒంపి దాన్ని శాంతింపజేస్తాడు! వినడానికి తమాషా. కానీ నీటి మీద నూనె పరుచుకుంటే అలలు తగ్గుతాయన్న సైన్సు అందులో ఉంది. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన చూసిన దివిసీమ, రేపల్లె, బాపట్ల వైపు మనిషికి ఆ కథ చెబితే నవ్వడు. కాసేపు ఆలోచిస్తాడు.

మరాఠీలో జయంత్ నార్లికర్ మరో అడుగు ముందుకేశారు. అప్పటికే ప్రపంచం ఎరిగిన ఖగోళ శాస్త్రవేత్త. 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్తు పోటీకి కృష్ణబిలం మీద కథ రాసి, తన పేరు చూసి బహుమతి ఇస్తారేమోనని మారుపేరుతో, భార్య చేతిరాతతో పంపారు. బహుమతి వచ్చింది. తమిళంలో ఇంజినీరు సుజాత సీరియళ్లతో ఇంటింటి రచయితయ్యారు. 2010లో వచ్చిన 'రోబో'కి కూడా పనిచేశారు, విడుదల చూడకుండానే 2008లో వెళ్లిపోయారు. మరమనిషి ఆడమనిషిని ప్రేమిస్తే ఏమవుతుందన్న ఆ ప్రశ్నకి తెలుగువాళ్లు కూడా థియేటర్ల ముందు బారులు తీరారు.

మనకీ ఒకటుంది. నవల కాదు, సినిమా. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369'. హీరో, హీరోయిన్ ఇద్దరూ కలిసే ఆ యంత్రం ఎక్కుతారు. ఒకసారి శ్రీకృష్ణదేవరాయల కొలువులో దిగుతారు, ఇంకోసారి 2504లో. అణుయుద్ధం తరవాత మనుషులు నేల కింద బతికే కాలమది. పిల్లలకి యంత్రం నచ్చింది, పెద్దలకి రాయలవారు నచ్చారు, ఎవరూ 'ఇంతేనా' అనలేదు. 2025లో మళ్లీ విడుదల చేస్తే మళ్లీ చూశారు. కారణం తేలిగ్గానే కనిపిస్తుంది. రాయల కొలువు తెలుగువాడికి పరాయి గ్రహం కాదు.

అసలు ప్రయోగశాల ఇంటి వెనకే!

ఇక మొదట్లో చెప్పిన బరువు సంగతి.

ఆ నవలల్లో ప్రయోగాలు చంద్రుడి మీద, హిమాలయాల్లో, పేరులేని దీవుల్లో జరుగుతున్న రోజుల్లోనే, ఆ నవలలు చదువుతున్న ఇంటి వెనక అంతకన్నా పెద్ద ప్రయోగం నడుస్తోంది. 1967లో నాగార్జునసాగర్ నీళ్లొచ్చాయి. నల్లరేగడిలో పత్తి పెరిగింది. 1970లో గుజరాత్‌లో సి.టి.పటేల్ ప్రపంచంలోనే మొదటి వాణిజ్య హైబ్రిడ్ పత్తిని తయారుచేశాడు. హైబ్రిడ్ అంటే ఏమిటి? రెండు రకాల పత్తి మొక్కలకి పెళ్లి చేయడం! సాయంత్రం పూట, మర్నాడు విచ్చబోయే మొగ్గని జాగ్రత్తగా విప్పి, అందులోని కేసరాలు తీసేయాలి. పొద్దున్నే ఇంకో రకం మొక్క పువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలి. పువ్వు పువ్వుకీ చేత్తోనే. కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు విత్తన చేలల్లో ఆ పని చేసినవాళ్లలో చాలామంది బడికెళ్లాల్సిన ఆడపిల్లలు. విచ్చిన రోజు మీగడ రంగులో ఉండే పత్తి పువ్వు మర్నాటికి గులాబీ రంగుకి తిరుగుతుంది. ఇంత రొమాన్సు, ఇంత సైన్సు, ఇంత అన్యాయం ఒకే పువ్వులో ఉంటే, మన హీరో ఎక్కడున్నాడు? అంగారకుడి మీద!

ఎనభైల మొదట్లో సింథటిక్ పైరెత్రాయిడ్లు వచ్చాయి. అప్పటిదాకా వాడిన మందులకి లొంగని కాయతొలుచు పురుగు వీటికి టపటపా రాలిపోయింది. నవల్లో ఫార్ములా పనిచేసినట్టే! ఒక్క సీసా, ఒక్క స్ప్రే, అద్భుతం. కొట్టులో సీసా ఇచ్చేవాడే అప్పూ ఇచ్చేవాడు, ఏ తెగులుకి ఏ మందో కూడా అతనే చెప్పేవాడు. మందు పురుగుతో పాటు దాన్ని తినే మిత్రపురుగుల్నీ చంపేసింది. అంతవరకూ ఎవరూ పట్టించుకోని తెల్లదోమ తిరగబడింది. 1984 నుంచి ఏటికేడు పెరిగింది. ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. దాని తేనెలాంటి విసర్జన మీద బూజు పట్టి ఆకులు మసిబారిపోతాయి. పదిహేను, ఇరవై సార్లు కొట్టినవాళ్లున్నారు. కొట్టినకొద్దీ దోమ పెరిగింది. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు మొదటిసారి దేశమంతా వార్తయ్యాయి. పురుగు కోసం అప్పుచేసి కొన్న మందునే తాగి పోయినవాళ్లున్నారు.

ఆ ఏడు ఆగిపోయిన పెళ్లిళ్లెన్ని! ఆ జిల్లాల్లో పెళ్లి ముహూర్తం పంతులుగారి పంచాంగం కన్నా ముందు పత్తి తీతనీ, మిర్చి యార్డు ధరనీ చూసుకుంటుంది. కట్నం మాట పంట చేతికొచ్చాకే. తెల్లదోమకీ, ఒక అమ్మాయి పెళ్లికీ సూటిగా లంకె ఉన్న చోటది.

సైన్స్ ఫిక్షన్‌లో అన్నిటికన్నా పదునైన ప్రశ్న 'కొత్తది కనిపెట్టారు సరే... ఆ తరవాత ఏమవుతుంది?'. ప్రేమకథలో కూడా అదే కదా. పెళ్లయింది సరే, ఆ తరవాత? మన అంతరిక్ష ప్రేమ నవలలు కనిపెట్టడం దగ్గరే ఆగిపోయాయి, లేదా దాన్ని కాల్చేసి చేతులు దులుపుకొన్నాయి. ఆ 'తరవాత' మొత్తం చేలో జరిగింది. తెల్లకోటు వేసుకున్నవాడు ఏం చెప్పినా ఆరాధనగా వినే కథానాయికని వందసార్లు చదివిన ఇంట్లో, పురుగుమందు కొట్టువాణ్ని 'ఈ మందు కొడితే ఇంకేం అవుతుంది?' అని ఎదురు ప్రశ్న వేయడం ఎవరు నేర్పాలి? నవల పని పాఠం చెప్పడం కాదు, నిజమే. కానీ ఎదురు ప్రశ్నలు వేసే ఒక్క అమ్మాయిని చూపించినా బాగుండేది.

రైతు తెలుగు సాహిత్యంలోకి రాలేదని కాదు. గుంటూరు జిల్లాకే చెందిన పాపినేని శివశంకర్ 'మట్టిగుండె' లాంటి కథలు ఆ బాధని దగ్గరగా పట్టుకున్నాయి. కానీ అవి వాస్తవ కథల అరలో ఉన్నాయి, రాకెట్టు బొమ్మల నవలలు ఇంకో అరలో. రెండు అరలకీ మధ్య చెక్క అడ్డం. ఆ చెక్క తీసేసి పత్తి చేలో నడిచే సైన్స్ ఫిక్షన్ ప్రేమ నవల ఒకటి చెప్పమంటే గబుక్కున ఏ పేరూ నోటికి రాదు.

పురుగుల ప్రేమాయణం

సరుకు లేకనా? 2002 మార్చిలో బీటీ పత్తికి కేంద్రం అనుమతిచ్చింది. నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువుని పత్తిలో పెట్టారు. ఆకు తిన్న పురుగు చస్తుంది. వినడానికే నవలలా లేదూ! అయితే ఆ విత్తనాల ప్యాకెట్‌తో పాటు ఇంకో చిన్న పొట్లం ఇచ్చేవాళ్లు. 450 గ్రాముల బీటీ విత్తనాలకి 120 గ్రాముల మామూలు విత్తనాలు. వాటిని చేను చుట్టూ వరసలుగా వేయమన్నారు. ఎందుకో తెలుసా? పురుగుల పెళ్లి కోసం!

బీటీ తిన్నా చావని మొండి పురుగు ఎక్కడో ఒకటి ఉంటుంది. దానికి జత ఇంకో మొండి పురుగే దొరికితే పిల్లలన్నీ మొండివే. అదే చేను గట్టున మామూలు పత్తి తిని పెరిగిన మెతక పురుగులు బోలెడుంటే, ఆ మొండిది వాటిలో ఒకదాన్ని జతకట్టుకుంటుంది. పిల్లలు మళ్లీ బీటీకి లొంగుతాయి. కోట్ల రూపాయల సాంకేతికత మొత్తం ఒక రెక్కల పురుగు ఎవర్ని వరిస్తుందన్న దాని మీద ఆధారపడి ఉంది! ఈ సంగతి రైతుకి అర్థమయ్యేలా చెప్పినవాళ్లు తక్కువ. పురుగుల కోసం పంట వేయడమేంటని చాలామంది ఆ పొట్లాన్ని పారేశారు. గులాబీ రంగు పురుగు మొండికెత్తిందని 2010లో గుజరాత్ విషయంలో కంపెనీయే ఒప్పుకుంది. ఆ తరవాత మన చేలల్లోనూ కాయ విప్పితే అదే కనిపించింది.

లింగాకర్షక బుట్టల సంగతి ఇంకా చిత్రం. రాత్రిపూట ఆడ రెక్కల పురుగు ఒక వాసన వదులుతుంది. మగది ఆ వాసన పట్టుకుని చీకట్లో వెతుక్కుంటూ వస్తుంది. ఆ వాసనని ప్రయోగశాలలో తయారుచేసి, చిన్న రబ్బరు బిళ్లకి పట్టించి, బుట్టలో వేలాడదీస్తారు. అక్కడ లేని ప్రియురాలి కోసం వచ్చిన మగపురుగు బుట్టలో పడుతుంది. పొద్దున్నే రైతు వచ్చి ఎన్ని పడ్డాయో లెక్కపెట్టుకుంటాడు. ఉధృతి ఎంతో తెలుస్తుంది. ఈ విరహం ముందు మన నవలా నాయకుల విరహం ఏపాటిది!

1922లో మొదలైన లాం ఫారం గుంటూరుకి పక్కనే ఉంది. 1945 నుంచి బాపట్లలో వ్యవసాయ కళాశాల ఉంది. అక్కడ చదివిన, పనిచేసిన వందల మందికి ఇవన్నీ రోజువారీ సంగతులు. ప్రేమలూ పెళ్లిళ్లూ వాళ్లకీ ఉంటాయి. మిరపలో పై ముడత ఏదో, కింది ముడత ఏదో ఆకు చూసి చెప్పే అమ్మాయి కథానాయికైతే, హీరోని 'అంటే ఏమిటి డాక్టర్' అని అడగదు. ఆమే చెబుతుంది.

2021 చలికాలంలో మిరప మీదికి కొత్త తామర పురుగు వచ్చింది. రైతులు నల్ల తామర అన్నారు. ఆగ్నేయాసియా వైపు పురుగు. మన దేశంలో 2015లో బొప్పాయి మీద కనిపించి, ఆరేళ్ల తరవాత మిరప తోటల్ని చుట్టేసింది. మామూలు తామర పురుగులు ఆకుల మీద ఉంటాయి. ఇది పువ్వులో దాక్కుంటుంది. చెట్టు నిండా పూత ఉన్నట్టే ఉండి, పట్టుకుంటే రాలిపోయేది. నీలిరంగు జిగురు అట్టలు కట్టారు. మందులు మార్చి మార్చి కొట్టారు. తట్టుకోలేనివాళ్లు తోటలు పీకేసి, ఆ చెక్కలో ఇంకేదో విత్తుకున్నారు. గుంటూరు యార్డుకి సరుకు తగ్గింది, ధర పెరిగింది. మరుసటి ఏడాది చాలామంది మళ్లీ మిరపే వేశారు.